కుంకుడు చేయని తప్పు

ఈ మధ్య మా ఇంట్లో ఉదయాలు తడిసిన ఊలు వాసనతో మొదలవుతున్నాయి. వానలో నానిన గొంగడికి ఉండే వాసనే, కాకపోతే కొంచెం పలచన. మా అమ్మాయి కుక్కపిల్లను తెచ్చి నెల దాటింది. అది వచ్చిన మూడో రోజు, నేను చాటుగా సగం అల్లిన టోపీని దాని నోట్లోంచి లాగుతుంటే ఆ వాసన మొహానికి కొట్టింది. టోపీ వదిలేసి నేల మీద అట్లాగే కూర్చుండిపోయాను. "ఏమైంది నాన్నా, కరిచిందా?" అంటూ మా అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. కరవలేదు. సుగుణమ్మగారు గుర్తొచ్చారు. ఆమె పోయి నాలుగేళ్ళయింది. చివరి రోజుల్లో ఆమె చేతులు పట్టు తప్పాయని ఆమెను ఎరిగినవాళ్ళంతా చెప్పుకున్నారు. అది నిజం కాదు. ఆ మాట పుట్టడానికి కారణం నేను. అందుకే ఇది రాస్తున్నాను.

కె.ఆర్.పురం స్టేషన్‌కు దగ్గర్లో ఒక మేడ మీద మా రెండు వాటాలూ ఎదురెదురుగా ఉండేవి. ఆమెది ఒంగోలు పక్క పల్లె. నర్సింగ్ చదవడానికి బెంగళూరు వచ్చి, అప్పుడే పుట్టిన పిల్లల వార్డులో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి, ఇన్‌ఛార్జి సిస్టర్‌గా రిటైరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. రిటైరయ్యాక కూడా ఆ వార్డు పిల్లలకు ఊలు టోపీలు వెళ్ళేవి. వాళ్ళ చర్చి స్త్రీల సమాజం అల్లి పంపే ఆ టోపీల పనికి పెద్ద ఆమే. ఎవరు ఏ కొలత అల్లాలో చెప్పడం, బళేపేటకు వెళ్ళి ఊలు తేవడం, అల్లినవాటిని వేలితో సాగదీసి చూసి "ఇది పిల్ల చెవుల్ని నొక్కుతుంది, విప్పు" అనడం, అన్నీ ఆమె చేతి మీదే జరిగేవి. ఆ పని ఆమెకు రెండో ఉద్యోగం. నేనేమో ముళబాగిలు పక్క నుంచి వచ్చి, కుందలహళ్ళి దగ్గర ఒక టెక్ పార్కులో లిఫ్టులూ జనరేటర్లూ చూసే షిఫ్టు సూపర్‌వైజర్ని. షిఫ్టుల మూలంగా చాలా రోజులు పగలు ఇంట్లోనే ఉండేవాణ్ణి.

ఒకసారి ఆమె ఇంట్లో కుళాయి బాగుచేయడానికి వెళ్ళాను. ఆమె ఒళ్ళో లావుపాటి నవల, పేజీలు లేవకుండా రెండు బట్టల క్లిప్పులు. కళ్ళు పుస్తకం మీద ఉన్నాయి, చేతుల్లో సూదులు వాటి పాటికవి ఆడుతున్నాయి.

"చూడకుండా ఎట్లా అల్లుతారు సిస్టరమ్మా?"

"అన్నం తినేటప్పుడు నోరెక్కడుందో వెతుక్కుంటావా రమేశా? ఇదీ అంతే. కూర్చో, నేర్పుతా."

"నేను మగోణ్ణి. ఎవరన్నా చూస్తే నగుతారు."

"తలుపు వేసే నేర్పుతాలే. వైర్లు మెలేసే చేతులు నీవి, ఊలు ఒక లెక్కా!"

నిజంగానే తలుపు వేసి నేర్పారు. ఆ నిశ్శబ్దంలో ఆమె పుస్తకం చదువుకునేవారు, నేను వరసలు అల్లేవాణ్ణి. జనరేటర్ల హోరు చెవుల్లోంచి దిగిపోయేది. మా ఆవిడకు కూడా ఈ సంగతి చెప్పలేదు. నాకంత సిగ్గు.

అరవై ఎనిమిదో ఏట, ఒక వాన రోజు, స్టేషన్ వైపు నుంచి వస్తూ ఆమె సంచీలో ఒక కుక్కపిల్లను తెచ్చారు. కుంకుడుకాయ రంగు కాబట్టి దాని పేరు కుంకుడు అయింది. స్త్రీల సమాజానికి పెద్ద ఎస్తేరక్క రిటైరైన టీచరు, మాట కరుకు. "మోకాళ్ళకు నూనె రాసుకునే వయసులో కుక్కపిల్లా సుగుణా? ఇంక టోపీలు అల్లినట్టే, పుస్తకాలు చదివినట్టే!" అంది.

"వార్డులో పదిహేను మంది ఒక్కసారే ఏడ్చేవాళ్ళు వదినా. ఇది ఒక్కటేగా" అన్నారు సుగుణమ్మగారు.

మర్నాడే ఫ్రిజ్ మీద డ్యూటీ చార్టు వెలిసింది. కుంకుడు నిద్రపోతే, లెక్క తప్పకూడని కష్టమైన అల్లిక. అది ఏదో ఒకటి కొరుక్కుంటూ కూర్చుంటే, ఒళ్ళో పుస్తకం, చేతిలో టోపీ. అది ఇల్లంతా పరుగులు పెడితే సూదులన్నీ బీరువాలోకి, నవల మాత్రం పైకి చదవడం. కుంకుడు చెవులు రిక్కించి వినేది. "మా ఇంట్లో అందరికంటే బాగా వినేది ఇదే" అనేవారు. ఊలు ఉండను దాని నుంచి కాపాడటానికి ఆమె కనిపెట్టిన ఉపాయం చూస్తే మా టెక్ పార్కు ఇంజినీర్లు కూడా టోపీ తీయాల్సిందే. పాత ప్రెషర్ కుక్కర్‌లో ఉండ పెట్టి, మూత బిగించి, విజిల్ పెట్టే రంధ్రంలోంచి దారం బయటికి లాగారు. కుంకుడు ఆ కుక్కర్‌ను గదంతా దొర్లించేది, ఉండ మాత్రం దానికి దొరికేది కాదు. ఆ నెల ఆమె అల్లిన టోపీలు అంతకుముందు నెల కంటే ఎక్కువ. చదవడం మొదలుపెట్టిన నవల కూడా పూర్తయింది. ఆ రెండు సంగతులూ ఎస్తేరక్కకు ఫోన్ చేసి మరీ చెప్పారు.

ఆ రోజుల్లోనే ఆమె ఒక తెల్ల శాలువా అల్లుతున్నారు. ఆమెకు పని నేర్పిన మ్యాట్రన్‌గారికి తొంభై ఏళ్ళు నిండే ఆదివారం అది కప్పుతానని అందరి ముందూ చెప్పారు. సన్నని పువ్వుల అల్లిక, కుంకుడు నిద్రపోయే వేళల్లో మాత్రమే నడిచేది. మూడు నెలలు పట్టింది. ఆ ఆదివారానికి ముందు గురువారం ఆమె బజారుకు వెళ్తూ, నన్ను తమ ఇంట్లో కూర్చోబెట్టి కుక్కపిల్లను అప్పగించారు. అది చాప మీద నిద్రపోతోంది. శాలువాకు ఇంక కొన్ని వరసలే మిగిలాయి. రెండు వరసలు నేను అల్లి పెడితే ఆమె ఆశ్చర్యపోతారనుకున్నాను. కుక్కర్ మూత తీసి, దారం వదులు చేసుకుని మొదలుపెట్టాను. ఒక కుట్టు జారింది. దాన్ని పట్టుకోబోతే ఇంకో నాలుగు జారాయి. కంగారులో సూది మొత్తం లాగేశాను. చిక్కు విప్పబోయి ఇంకా చిక్కు చేసి, చివరికి కత్తెరతో కోసేశాను. పువ్వులన్నీ నా చేతుల్లోనే విడిపోతున్నాయి. మెట్ల మీద ఆడవాళ్ళ మాటలు వినిపించాయి. శాలువాను నిద్రపోతున్న కుంకుడు పక్కన పడేశాను.

సుగుణమ్మగారి వెంట ఎస్తేరక్క, ఇంకో ఇద్దరు శాలువా చూడటానికి వచ్చారు. నేను నోరు తెరిచే లోపే ఎస్తేరక్క అందుకుంది. "చూశావా? చెప్తే విన్నావా? హొసకోటె దగ్గర మా తమ్ముడి తోట ఉంది. రేపే దీన్ని అక్కడికి పంపించెయ్."

"నేను నీళ్ళ మోటారు వేసి వచ్చేలోపల లాగేసింది సిస్టరమ్మా" అన్నాను.

ఆమె కష్టంగా వంగి శాలువా తీసుకున్నారు. తెగిన కొసల మీద వేలు పెట్టి చూశారు. తర్వాత కుర్చీ మీదున్న కుక్కర్ మూతను చూశారు. తర్వాత నన్ను. నేను కుక్కపిల్లను చూశాను.

"దీన్నేమీ అనకండి వదినా. తప్పు దీనిది కాదు, నాది."

"అంటే? నువ్వే పాడుచేసుకున్నావా? నీ చేతులకేమైంది సుగుణా?"

ఆమె శాలువా మడతపెట్టసాగారు. ఎస్తేరక్క గొంతు మెత్తబడింది. "చేతులు వశం కావడంలేదని ఒక్క మాట చెప్పకూడదా? టోపీల పని ఇంకొకరికి అప్పగిద్దాంలే. విశ్రాంతి తీసుకో."

"సరే వదినా" అన్నారు సుగుణమ్మగారు.

ఆ ఒక్క మాటతో కుక్కపిల్ల ఆమెకు మిగిలింది, పని పోయింది. నేను అక్కడే ఉన్నాను, నోరు మెదపలేదు. వాళ్ళు వెళ్ళాక ఆమె టీ పెట్టి నాకో గ్లాసు ఇచ్చారు.

"కుంకుడు కుక్కర్ మూత తీయడం ఎప్పుడు నేర్చుకుంది రమేశా?"

నేను టీ తాగాను. ఆమె ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళారు. ఆదివారం మ్యాట్రన్‌గారి దగ్గరకు పూలు తీసుకుని వెళ్ళారట. సోమవారం మా తలుపు తట్టారు. "రా. జారిన కుట్టును ఎట్లా ఎత్తాలో నీకు నేర్పనేలేదు. అది నా తప్పే." కొక్కెం సూదితో ఒక్కో వరసా పైకెక్కించి చూపించారు. చేయి ఎక్కడా వణకలేదు. అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు. తర్వాత మూడేళ్ళు ఆమె నలుగురిలో ఒకరిగా టోపీలు అల్లుతూ, నవలలు చదువుతూ, పాదాల మీద కుంకుడును పడుకోబెట్టుకుని బతికారు. ఆమె పోయాక కుంకుడును ఇంటికి తీసుకెళ్ళింది ఎస్తేరక్కే.

మా ఇంటికి కుక్కపిల్ల వచ్చిన ఆ వారమే నేను ఎస్తేరక్క ఇంటికి వెళ్ళి జరిగిందంతా చెప్పాను. ఆవిడ కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"అంటే ఆమె చేతులు బాగానే ఉండగా పని తీసేసుకున్నామా?"

"అవునక్కా."

"నోరెందుకు రాలేదప్పా నీకు?"

"నేను అల్లుతున్నానని తెలిస్తే మీరంతా నగుతారని."

"నగేవాళ్ళమే. ఒక పూట నగి మర్చిపోయేవాళ్ళం" అంది. కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుంది. తర్వాత, "గురువారం సమాజం కూడుతుంది. వచ్చి అందరికీ నీ నోటితోనే చెప్పు" అంది.

చెప్పాను. ఎవరూ నన్ను ఓదార్చలేదు, అదే మంచిదైంది. ఒకావిడ లేచి, ఆ శాలువా రోజు తనూ అక్కడే ఉన్నానని, సుగుణమ్మ చేతుల గురించి పదిమందికి చెప్పింది తనేనని, ఆ పదిమందికీ ఇప్పుడు నిజం చెప్పాలని అంది. అప్పటినుంచి గురువారాలు సెలవు దొరికితే నేనూ వెళ్ళి వాళ్ళ మధ్య కూర్చుని టోపీలు అల్లుతున్నాను. చూడకుండానే అల్లుతాను. నాకు అంత గొప్ప మనిషి నేర్పారు మరి.

డ్యూటీకి మెట్రోలో వెళ్తూ కూడా అల్లుతాను. పక్కనున్నవాళ్ళు ఫోన్ల మీంచి తలెత్తి చూస్తారు. కొందరు నవ్వుతారు. "ఎవరు నేర్పారు సార్?" అని అడిగేవాళ్ళూ ఉంటారు. ఆమె పేరు చెప్పేటప్పుడు నా గొంతు కొంచెం పెద్దదవుతుంది. కె.ఆర్.పురం నుంచి కుందలహళ్ళికి దూరం తక్కువ, ఆమె గురించి అంతా చెప్పడానికి సమయం చాలదు. అందుకని ముందు శాలువా సంగతి చెప్తాను.