మాస్టారు మాకు చెప్పిన ముగింపులు

బొమ్మల మాస్టారు పోయారని ఫోన్ వస్తే నేను మొదట అడిగింది "ఎప్పుడు?" అని కాదు, "నీకెవరు చెప్పారు?" అని. ఇరవై ఏళ్ళు ఆయన దగ్గర తిరిగినవాడికి ఆ మాత్రం అనుమానం అంటుకోకుండా ఉండదు. ఏడుపు తర్వాతెప్పుడో వచ్చింది.

మీలో చాలామందికి ఆయన తెలియకపోవచ్చు. ఫ్లెక్సీలు రాకముందు సినిమా పోస్టర్లు చేత్తో వేసిన మనిషి. ఆ పని పోయాక శ్రీనగర్ కాలనీలో తన ఇంట్లో కూర్చుని ఒక కామిక్ మొదలుపెట్టారు. చచ్చిపోయి కూడా గుర్రం దిగని ఓ కౌబాయ్ కథ. ఎడారికి బదులు, ఇళ్ళు లేవకముందు జూబ్లీ హిల్స్‌లో ఉన్న రాళ్ళగుట్టలు వేసేవారు. ఆ గుట్టల సందుల్లోంచి దయ్యాలు దారి అడుగుతూ వచ్చేవి, కౌబాయ్ విసుక్కుంటూనే చెప్పేవాడు. రాసేదీ గీసేదీ అచ్చు వేయించేదీ అంతా ఆయనే. నిర్మాతలు హక్కులు అడిగితే "నా గుర్రం, నా కళ్ళెం" అని తలుపు దగ్గర నుంచే పంపించేసేవారు.

కొత్త సంచిక వచ్చిందంటే ఆదివారం పొద్దున అభిమానులం పదిమందిమి ఆయన వరండాలో చేరేవాళ్ళం. గుర్రం చెవి ఎటు తిరిగిందో చూసి, దయ్యం ఏ పక్కనుంచి వస్తుందో వాదించుకునేవాళ్ళం. ఆయన మాత్రం మా మొహాలే చూస్తూ ఉండేవారు. ఫోన్లు కిటికీలో పెట్టించేవారు. కొత్తవాడొస్తే "ఏ సినిమా ఆఫీసు పంపింది?" అనేవారు. "గీత గీసేముందు నేను కాగితాన్ని కూడా నమ్మను" అని ఆయన అంటే మేం నవ్వేవాళ్ళం. నేను ఫిల్మ్ నగర్‌లో ఓ సినిమా కంపెనీకి కథల పని చూస్తానని తెలిశాక, ఏడాదిపాటు సంచిక ఇంటికి తీసుకెళ్ళనివ్వలేదు.

అలాంటి మనిషి ఒకరోజు నన్ను పక్కకు పిలిచి కథ ఎలా ముగుస్తుందో చెప్పారు. కౌబాయ్ తన సమాధి మీద పేరు చెరిపేసి గుర్రం పేరు రాస్తాడట. "నీకొక్కడికే చెప్పాను. బయటికి పొక్కకూడదు," అన్నారు. ఉబ్బితబ్బిబ్బయ్యాను.

మా వృత్తిలో వాళ్ళకో జబ్బుంది. ఎదుటివాడు ఆవలిస్తే చాలు, ఏదో ఒకటి చెప్పి కూర్చోబెట్టాలి. జూబ్లీ హిల్స్‌లో కథ చర్చించే ఒక సిటింగ్‌లో దర్శకుడు వరసగా అన్నీ బాలేదంటుంటే, నోరు జారి సమాధి సంగతి చెప్పేశాను. రెండేళ్ళకు సినిమా వచ్చింది. కౌబాయ్ బదులు పోలీసు, గుర్రం బదులు కుక్క. సమాధి మాత్రం అదే.

"ఎవరో చెప్పేశారు," అన్నారు మాస్టారు, ఆ తర్వాత కలిసినప్పుడు. అప్పటినుంచి మేం ఒకరినొకరు ఓరగా చూసుకోవడం మొదలైంది. 'నీకొక్కడికే' అన్న మాట అందరితోనూ అని ఉంటార్లే, ఇంతమందిలో నన్నెలా పట్టుకుంటారని నా ధైర్యం. సిగ్గు విడిచి చెబుతున్నాను, మాలో ఒకాయన బ్యాంకులో పనిచేస్తాడు, ఆయన మీదికి అనుమానం పోయేలా నేనే రెండు మాటలు అన్నాను.

మాస్టారు పోయిన పదకొండో రోజు అదే వరండాలో భోజనాలు. మా పదిమందిలో ఒకడైన క్యాబ్ డ్రైవర్ కళ్ళు తుడుచుకుంటూ అన్నాడు: "సారు నాకొక్కనికే చెప్పిండు. ఆఖర్ల గుర్రమే ఆయనను దింపి ఎల్లిపోతదంట."

బ్యాంకాయన చేతిలో ముద్ద ఆగిపోయింది. "అదేంటి? దయ్యాలన్నీ కలిసి మోసుకెళ్తాయని కదా నాతో అన్నారు!"

తలా ఒకటి చెప్పారు. ఏ రెండూ కలవలేదు. ఒక్కొక్కరికీ ఒక్కో ముగింపు చెప్పి ఉంచారు, ఏది బయటికి వస్తే అది ఎవరి నోటినుంచి పొక్కిందో తెలిసేలా. అంటే సినిమా చూసిన రోజే మాస్టారికి నేనని తెలుసు. అయినా ఆ తర్వాత ప్రతి సంచికా నా చేతిలో పెట్టారు.

నా వంతు వచ్చింది. అప్పటికప్పుడు ఇంకో ముగింపు అల్లడం నాకు చిటికెలో పని. "నాకు చెప్పింది సమాధి," అన్నాను. బ్యాంకాయన విస్తరి మడిచి లేచి వెళ్ళిపోయాడు.

మాస్టారి భార్య గుమ్మంలో కూర్చుని అంతా విన్నారు. "ఆ సినిమా మేమిద్దరం కలిసే చూశాం బాబూ," అన్నారు.

"నన్నేమన్నారండీ?"

"ఏమీ అనలేదు. రేపు ఆదివారం కదా, అతనొచ్చి తనేనని ఒప్పేసుకుంటాడు, అందరిముందూ ఇబ్బందని కాస్త ముందే వస్తాడేమో, రెండు పెసరట్లు ఎక్కువ వెయ్యి అన్నారు."

ఆ ఆదివారం నేను వెళ్ళలేదు. ఎంతసేపు ఎదురుచూశారో నేను అడగకముందే ఆవిడే చెప్పారు. ఎండ గడప దాటి లోపలికి వచ్చేదాకా ఆయన కుర్చీ గేటు వైపే ఉందట.