వదిన వండిన గోవా రొయ్యల కూర

మా వదినది గోవా. ఇవాళ మార్కెట్లో రొయ్యలు దొరికాయని వాళ్లింటి పద్ధతిలో కొబ్బరిపాలు పోసి కూర వండింది. పులుపుకు ఎండిన కోకం తొక్కలు వేసింది. పోయినేడు చనిపోయిన వాళ్లమ్మ తన చేత్తో ఎండబెట్టి ఇచ్చినవి అవి. డబ్బాలో ఆ నాలుగే మిగిలాయి.

మా అమ్మ గరిటె పెట్టి తిప్పి, ఆ నల్లటి తొక్కలను ఏరి చెత్తబుట్టలో వేసింది.

"చింతపండు మాడగొట్టినవ్ బిడ్డా. బాయి దిగొచ్చినోనికి గిట్ల సప్పటి కూర పెడ్తరా?" అంటూ మూడు చెంచాల కారం, గరం మసాలా వేసి, చింతపండు రసం పోసింది.

వదిన నావైపు చూసింది. అవేమిటో నాకు తెలుసు. అమ్మతో వాదన పెట్టుకుంటే తిండి ఆలస్యమవుతుందని ఊరుకున్నాను.

బొగ్గుబాయిలో మొదటి షిఫ్టు చేసి వచ్చిన అన్న రెండుసార్లు వేయించుకున్నాడు.

"మస్తున్నది. అచ్చం మీ అమ్మ చేసినట్టే ఉన్నది" అన్నాడు వదినతో.

వదిన అతనికి ఇంకో గరిటె వడ్డించి, తాను పెరుగన్నం కలుపుకుంది.

నేను కూర గిన్నె ఊడ్చుకుని తిన్నాను. నాకంటే మంచివాళ్లెవరైనా ఉంటే కింద కామెంట్లలో రాయండి, చూస్తాను.