ఆమె రైలెక్కిందని నేనే చెప్పాను

మా ఆవిడ ఒక పాత సినిమా ముగింపును ఇరవై రెండేళ్లపాటు తప్పుగా నమ్మింది. ఆ తప్పు సినిమా తీసినవాళ్లది కాదు, నాది. నిరుడు వానాకాలంలో అది బయటపడింది. నేను ఆమెకు చెప్పిన అబద్ధం అదొక్కటే అయితే ఏదో ఒక జోకు వేసి తప్పించుకునేవాణ్ణి. కానీ దాని వెనకాలే ఇంకొకటి ఉంది. అది బయటపడితే మా ఆవిడకూ మా అమ్మకూ మధ్య ఇన్నేళ్లుగా ఉన్నది ఏమవుతుందోనని నా భయం. ఎందుకంటే ఆ ఒక్క మాట విని ఆమె మా ఇంట్లో ఆగిపోయింది.

ముందు సినిమా సంగతి. అది మా నాన్న కాలం నాటిది. అందులో హీరో రైలు గార్డు, గడియారం చూసుకోకుండా తుమ్మడు కూడా. హీరోయిన్ ఊరూరా తిరిగే నాటకాల కంపెనీలో వేషాలు వేసే మనిషి. ఆమె జీవితంలో వేళకు జరిగింది పుట్టడం ఒక్కటే, అదీ నాకు అనుమానమే. ఇద్దరికీ ప్రేమ కుదురుతుంది, పెళ్లవుతుంది. ఏడాది తిరక్కుండానే తెలిసిపోతుంది, ఒకరంటే ఒకరికి ప్రాణమే గానీ ఒక ఇంట్లో ఇద్దరూ పట్టరని. విడిపోతారు. చాలా ఏళ్ల తర్వాత ఏదో చిన్న స్టేషన్లో అతని బండి రెండు నిమిషాలు ఆగుతుంది. ప్లాట్‌ఫారం మీద ఆమె కనబడుతుంది. అన్నం తిన్నావా అని అతను అడుగుతాడు. గడియారం బాగానే నడుస్తోందా అని ఆమె అడుగుతుంది. అంతలో రెండు నిమిషాలూ అయిపోతాయి. అతను పచ్చజెండా ఊపుతాడు. బండి పోతుంది, ఆమె అక్కడే ఉండిపోతుంది.

తెలంగాణ సరిహద్దున, మహారాష్ట్రలో ఉన్న సిరొంచ బస్టాండు దగ్గర నాది మొబైల్ దుకాణం. రీఛార్జి చేస్తాను, పగిలిన అద్దాలు మారుస్తాను, అడిగినవాళ్లకు మెమరీ కార్డులో పాత సినిమాలు ఎక్కిస్తాను. కొత్త సినిమాలు వస్తాయి, పోతాయి. ఈ గార్డు సినిమా మాత్రం పోదు. మా తాలూకా మొత్తంలో రైలు పట్టా లేదు. రైలు చూడాలంటే మంచిర్యాలకో బల్లార్షాకో పోవాలి. ఎన్నడూ రైలెక్కని మనుషులు రైలు గార్డు కోసం కళ్లు ఎందుకు తుడుచుకుంటారో నాకు అంతుబట్టేది కాదు. బడి నన్ను ఏడో తరగతిలో వదిలేసింది గానీ ప్రశ్నలడిగే రోగం మాత్రం నన్ను వదల్లేదు. అందుకని వచ్చినవాళ్లనల్లా అడిగేవాణ్ణి.

అంకిస నుంచి ఒక ట్రాక్టరు డ్రైవరు వస్తాడు. ఫోను మార్చినప్పుడల్లా ముందు ఈ సినిమా ఎక్కించుకుంటాడు, తర్వాతే పెళ్లాం ఫొటోలు. అందులో అంత ఏముందని ఒకసారి నిలదీశాను.

"మంచిగుంటది అన్నా."

"ఏం మంచిగుంటది? ఆఖరుకు కలువనే కలువరు గద."

"అందుకే" అని కార్డు జేబులో పెట్టుకుని పోయాడు. అందుకే అంటే ఎందుకో చెప్పి పోతే అతని ట్రాక్టరు అరిగిపోతుందా?

పాతగూడెం నుంచి ఒక ఆవిడ వాళ్లమ్మ కోసం తీసుకుపోయింది. ఆ ముసలావిడకు గోండీ తప్ప ఇంకో భాష రాదు. మాటలు తెలియకుండా ఏం చూస్తుందమ్మా అని అడిగితే, సౌండు కూడా పెట్టుకోదని చెప్పింది. ఆఖరున ఇద్దరూ ఎదురెదురుగా నిలబడతారు కదా, అక్కడ ఆపి ఆ ముఖాలు చూస్తుందట. మాటలు తెలిసిన నాకేమో ఒక్కసారి చూస్తే చాలనిపించింది. తెలియని ఆమెకు చాలడం లేదు. దీని గురించి చాలా రోజులు ఆలోచించాను, ఏమీ తేలలేదు.

ఇక మా ఆవిడ. ఆమెది మాకు ఉత్తరాన ఉన్న ఆష్టి. వాళ్లూ మాలాగే తెలుగు మూలాలవాళ్లే, దూరపు చుట్టాలు కూడా. కానీ అటువైపు రెండు తరాలుగా ఇంట్లో మరాఠీయే. పెళ్లయి వచ్చేనాటికి ఆమెకు తెలుగులో రెండు ముక్కలు కూడా రావు. మా అమ్మకు మరాఠీ అంటే బస్సు మీది బోర్డు. నాకు మరాఠీని బడి నేర్పలేకపోయినా బస్టాండు నేర్పింది. అలా రెండేళ్లపాటు అత్తాకోడళ్ల మధ్య నేనే దుబాసీని. అమ్మ ఒకటి అనేది, నేను ఇటువైపుకు కాస్త చక్కెర వేసి అందించేవాణ్ణి. తప్పనిపించలేదు. దూరం పోయే సరుకు దారిలో చెడిపోకుండా ఉండాలి కదా అనుకున్నాను.

ఆ మొదటి వానాకాలంలోనే టీవీ, సీడీ డబ్బా అద్దెకు తెచ్చి, ఆదివారం పొద్దున ఈ సినిమా వేశాను. తెరమీద వాళ్లు మాట్లాడుతుంటే పక్కన కూర్చుని ఆమె కోసం మరాఠీలో చెబుతూ పోయాను. సరిగ్గా బండి స్టేషన్లో ఆగగానే కరెంటు పోయింది. నాలుగు రోజులు రాలేదు. టీవీవాడు టీవీ తీసుకుపోయాడు. తర్వాత ఏమవుతుంది, తర్వాత ఏమవుతుందని ఆమె ఒకటే అడగడం. నేను అంతకు ముందే చూసినవాణ్ణి. ఆమె ముఖం చూస్తే నిజం చెప్పబుద్ధి కాలేదు. హీరోయిన్ కూడా రైలెక్కేసిందని చెప్పాను. మా ఆవిడ ఎంత సంతోషపడిందంటే, ఆ సినిమాను మళ్లీ చూడనే లేదు. బాగా అయిపోయినదాన్ని మళ్లీ చూడ్డమెందుకు అనేది.

నిరుడు ఒక ఆదివారం మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వచ్చేసరికి టీవీలో అదే నడుస్తోంది. ఇప్పుడు మా ఆవిడ తెలుగు నాకంటే చురుకు. దుబాసీ అక్కర్లేదు, కరెంటు కూడా ఉంది. బండి కదిలింది, పోయింది. మా ఆవిడ నావైపు తిరిగింది.

"ఆమె ఎక్కలే."

"ఎవరు?" అన్నాను, తెలిసి కూడా.

"నువ్వు ఎక్కిందన్నవ్."

మామూలుగా నన్ను, ఏమండీ అన్నట్టు, మరాఠీలో అహో అని పిలుస్తుంది, మీరు అంటుంది. అది ఆష్టి అలవాటు. నువ్వుకు దిగిందంటే సంగతి ముదిరినట్టే. పాత ప్రింటులో ఎక్కేదేమో, మధ్యలో ఎవరో దింపేసి ఉంటారని ఒకటి విసిరాను. నవ్వలేదు. తెరవైపే చూస్తూ, దుకాణంలో నాకు ఎవరూ చెప్పని జవాబు ఆమె చెప్పింది.

"ఆమె ఎక్కితే నాలెక్క ఒక్కసారి చూసి ఊకుంటరు. ఎక్కలే కాబట్టే మల్ల మల్ల చూస్తరు, ఈసారన్న ఎక్కుతదేమోనని."

అబ్బ, ఎంత బాగా చెప్పావని మెచ్చుకోబోతుంటే అడ్డం వచ్చింది. "ఇంకేమేం మార్చి చెప్పినవ్?"

పెళ్లయిన రెండో నెలలో ఆమె సంచి సర్దుకుని గడపలో నిలబడింది, ఇక్కడ ఉండలేను, ఆష్టికి పోతానని. అమ్మ వాకిట్లోంచి ఒక మాట అంది. నేను దాన్ని మరాఠీలో చెప్పాను. నువ్వు పోతే నాకు ఈ ఇంట్లో దిక్కు తోచదు బిడ్డా, ఉండు అంటోందని. ఆమె ఏడ్చి, సంచి లోపల పెట్టేసింది. ఆ తర్వాత ఎన్ని గొడవలైనా, మా అత్తమ్మ నన్ను ఉండుమన్నది అనే మాట మీదే నిలబడి దాటేసింది. తన అక్కచెల్లెళ్లకు కూడా అదే చెప్పుకుంటుంది.

అబద్ధం చెప్పడానికి నోరు తెరిచాను గానీ, ఆ రోజు నా మీద నాకే నమ్మకం లేదు. మళ్లీ మూసేశాను. నేను మాట్లాడకుండా ఉండటం ఆమె ఎన్నడూ చూడలేదు. లేచి నేరుగా వరండాలోకి పోయింది. అక్కడ అమ్మ మిరపకాయల తొడిమలు తీస్తోంది.

"అత్తమ్మా, పెండ్లైన కొత్తల నేను ఆష్టికి పోతనని సంచి వట్టుకుంటే, నువ్వేమన్నవ్?"

మా అమ్మకు నిన్న తిన్న కూర గుర్తుండదు గానీ ఇలాంటివి చెక్కుచెదరవు. "రెండు బిందెల నీళ్లు తెచ్చిపెట్టి పొమ్మన్న" అంది.

"ఉండుమన్లేదా?"

"ఎందుకంట? నీ మాట నాకు తెల్వకపాయె, నా మాట నీకు తెల్వకపాయె. పోతె జర నిమ్మలముంటదనుకున్న."

మా ఆవిడ మెట్టు మీద కూర్చుండిపోయింది. ఇప్పుడెందుకు అడుగుతున్నావని అమ్మ అంటే, మొత్తం చెప్పింది. తెలుగులో మొదలుపెట్టి మధ్యలో మరాఠీలోకి పోయింది, తనకే తెలియలేదు. అమ్మ ఆపలేదు. అన్నీ అర్థమైనట్టే తల ఊపింది. అంతా విన్నాక నావైపు చూసింది, చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి దొరికిపోయినప్పుడు చూసిన చూపు.

"వీడు నాకు సుత ఒకటి చెప్పిండు. నా పచ్చిపులుసు అచ్చం మీ అమ్మ చేతి లెక్కనే ఉన్నదన్నవట."

నిజంగా ఇది నేను మరిచేపోయాను. చక్కెర ఒకవైపే వేశాననుకున్నాను.

"మా అమ్మ పచ్చిపులుసు ఎన్నడు చేయలే" అంది మా ఆవిడ. "పండ్లు జివ్వుమంటున్నయి, ఇది మనుషులు తాగేదేనా అని నేనన్న."

అమ్మ చేతిలో మిరపకాయ అలాగే ఉండిపోయింది. పెళ్లయిన నాటి నుంచి వారం తప్పకుండా, కోడలికి ఇష్టమని ప్రత్యేకంగా చేస్తోంది. జ్వరం వచ్చినా చేసింది. మా ఆవిడ కూడా గిన్నె ఎత్తి ఒక్క గుక్కలో తాగేది. అది ఇష్టమనుకున్నాం అందరం.

"మరి ఇన్నేండ్లు ఎట్ల తాగినవే?"

"నువ్వు నాకోసమని చేసినవని తాగిన."

అమ్మ చేటలోంచి రెండు గుప్పిళ్ల మిరపకాయలు తీసి మా ఆవిడ ఒళ్లో పోసింది. ఆమె కొంగు సర్దుకుని తొడిమలు తీయడం మొదలుపెట్టింది. అటుపైన మీ ఆష్టిలో ఏం వండుకుంటారే అని అమ్మ అడుగుతోంది. ఇన్నేళ్లలో ఆ మాట అడగడం అదే మొదటిసారి. నేను అక్కడ ఉన్నట్టే ఇద్దరికీ పట్టలేదు. ఆ పూట నాకు అన్నం కూడా పెట్టలేదు.

పొద్దుగూకే దాకా మా ఆవిడ నాతో మాట్లాడలేదు. దీపాల వేళకు లోపలి నుంచి, "అత్తమ్మా, అన్నం వెట్టిన. తింటె తినుమను, లేకుంటె మూత వెడతనని చెప్పు" అంది. నేను నాలుగడుగుల దూరంలోనే ఉన్నాను.

అమ్మ నావైపు తిరిగింది. "నువ్వు తినకుంటె ఆమెకు బువ్వ దిగదట. లే బిడ్డా."

లోపల గిన్నెల చప్పుడు ఆగింది. "నేనట్లనలే అత్తమ్మా."

"నువ్వు ఊకో పిల్లా" అంది అమ్మ. "మధ్యల చెప్పేటిది నేను."