ఒక కవరుకు ఒక ప్రశ్న

పద్మనాభయ్య ఈ లోకంలో చేసిన చివరి పని ఒక ప్రశ్న అడగడం. అడిగింది నార్వే దేశంలోని ఒక ఓడల కంపెనీని. 1965లో, రోహిణి కార్తె ఎండలో, పొద్దున తొమ్మిది గంటలకు కాలువపాళెం పోస్టాఫీసు అరుగెక్కి, మెడకు చుట్టుకున్న మఫ్లరు సర్దుకుని, కవరును కిటికీలోంచి లోపలికి తోశాడు. పోస్టుమాస్టరు క్రీస్తురాజు దాన్ని తూచి, స్టాంపులంటించి, ముద్ర కొట్టాడు.

"ఈరోజు ప్రశ్న ఏంది సారూ?"

"చలిగాలి తగలకుండా, బయటికి రాకుండా, పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ మంచు కనిపించే చోటు ఆ ఓడలో ఎక్కడుండాదీ అని."

"ఈ ఒక్కటేనా?"

"ఒక్కటే."

పద్మనాభయ్య ఇంటికి పోయి, వేణ్ణీళ్ళతో స్నానం చేసి, చారన్నం తిని పడుకున్నాడు. మళ్ళీ లేవలేదు.

ఒక కవరుకు ఒక ప్రశ్న. అదీ ఆయన పద్ధతి. సముద్రంలోకి జారే మంచునదిని చూసి రావడానికి ఏ ఓడ ఎక్కాలో, ఏ దారిన పోవాలో ఆయన ఏడేళ్ళుగా నిర్ణయించుకుంటున్నాడు. ఒక్కో సందేహాన్నీ విడిగా కాగితం మీద పెట్టి, విడిగా కవరులో పెట్టి, విడిగా అడుగుతాడు. రెండు ప్రశ్నలు ఒకే కవరులో పోయిన పాపాన పోలేదు.

ఇంతకీ ఆయనకు చలంటే పడదు. బకింగ్‌హాం కాలువ మీద లాకు సూపరింటెండెంటుగా ముప్ఫై ఏళ్ళు చేసినవాడు, మబ్బు పడితే చాలు మఫ్లరు తీసేవాడు. వైశాఖంలో కూడా చన్నీళ్ళు కాలి మీద పడితే పక్కింటివాళ్ళకు వినిపించేలా "అబ్బబ్బా" అనేవాడు. నీళ్ళ మీద ప్రయాణమూ పడదు. సర్వీసులో ఒక్కసారే, తప్పనిసరై, పైఆఫీసరుతో పడవెక్కాడు. మైలు దూరం పోకముందే ఆ ఆఫీసరు గారి ఫైళ్ళ మీదే ఈయన వాంతి చేసుకున్నాడు. ఆనాటి నుంచీ తనిఖీకి ఆఫీసరు పడవలో పోతే ఈయన గట్టు మీద నడిచేవాడు. అట్లాంటి మనిషికి మంచునది చూడాలనిపించింది.

అది ఎప్పుడు అనిపించిందో క్రీస్తురాజుకు బాగా జ్ఞాపకం. 1958 ఏప్రిల్‌లో, తన బతుకులో అన్నిటికన్నా చెడ్డరోజు గడిచిన మర్నాడు.

ఆ చెడ్డరోజున పోస్టల్ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. కాలువపాళెం పోస్టాఫీసు తెరిచి అప్పటికి రెండేళ్ళు. తెరిచింది పరీక్షకు మాత్రమే. వచ్చే ఉత్తరాలూ పోయే ఉత్తరాలూ కలిపి వారానికి అరవై ఉంటేనే నిలబెడతారు. ఇన్‌స్పెక్టరు లెక్క చూస్తే ఇరవై మూడు.

"ఏమయ్యా, ఈ ఊళ్ళో జనం ఒకరితో ఒకరు మాట్లాడుకోరా?"

"మాట్లాడుకుంటారు సార్. అందుకే రాసుకోరు."

"నీ హాస్యానికేం గాని, ఏటా వచ్చి చూస్తా. లెక్క పెరగతా ఉంటే సరి. లేదంటే ఎత్తేస్తాం. తోటపల్లి గూడూరు దాకా నడిచిపోయి కార్డు కొనుక్కుంటారు మీవాళ్ళు."

క్రీస్తురాజుకు కుడికాలు చిన్నప్పుడే చచ్చుబడింది. మిషన్ బడిలో ఎనిమిది చదివినా, ముప్ఫై ఏళ్ళు వచ్చేవరకు ఊరికి ఆయన కుంటి క్రీస్తుగాడే. పోస్టాఫీసు వచ్చాక పోస్టుమాస్టరు గారైనాడు. వందెకరాల ఆసామి కూడా మనియార్డరు ఫారం నింపించుకోవడానికి వచ్చి ఆ గారు తగిలించి పిలవాల్సిందే. ఆఫీసు పోతే గారు పోతుంది. కాలు మాత్రం ఉంటుంది, కుంటిదే.

ఆ సంగతి ఆయన భార్య ఎలిశబెతుకు తప్ప ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇప్పట్నుంచే పిలుపు మారుతుందని భయం.

మర్నాడు పొద్దున లాకు సారు, అంటే పద్మనాభయ్య, పాత ఇంగ్లీషు పత్రికలోంచి చింపిన కాగితం పట్టుకొని వచ్చాడు.

"పోస్టుమాస్టరు గారూ, నార్వేకు ఎన్ని స్టాంపులు పడతాయి?"

"ఎక్కడికి సారూ?"

"నార్వే. భూమికి పైకొస. అక్కడ మంచు నదిలాగ కొండమీంచి జారి సముద్రం దాకా వస్తాదంట. ఓడలో కూచోని చూడొచ్చు. పోయి చూద్దామని."

క్రీస్తురాజు రేట్ల పుస్తకం వెతికి, దుమ్ము దులిపి, చూసి చెప్పాడు. పద్మనాభయ్య పది కవర్లకు సరిపడా స్టాంపులు కొన్నాడు. ఆ నెలలోనే నశ్యం మానేశాడు. మంచుదేశంలో నశ్యం దొరకదనీ, ఇప్పట్నుంచే అలవాటు చేసుకోవాలనీ ఊరికి చెప్పాడు.

మొదట్లో ఊరు నవ్వింది. జవాబులూ, వాటితో రంగుల బొమ్మల పుస్తకాలూ రావడం మొదలుపెట్టాక ఊరు రెండు పార్టీలైంది. బొమ్మల్లో రెండు ఓడలున్నాయి. ఒకటి తెల్లటి పెద్ద ఓడ. నాలుగొందల మంది పడతారు, డాన్సు హాలుంది, కాని లోతు నీళ్ళు వదిలి రాదు, మంచును రెండు మైళ్ళ దూరం నుంచి చూపిస్తుంది. రెండోది నల్లటి చిన్న ఓడ. అది టపా ఓడ. ముప్ఫై నాలుగు రేవుల్లో ఆగి ఉత్తరాల సంచులు దించుతూ పోతుంది. కాని మంచుకు ఎంత దగ్గరగా పోతుందంటే, అది పగిలే చప్పుడు వినిపిస్తుంది.

దర్జీ మహబూబ్ బాషాది పెద్ద ఓడ పార్టీ. "సారూ, అంతదూరం పొయ్యి టపా సంచుల మధ్య పడుకుంటారా? మర్యాదగా ఉండొద్దా?"

టపా సంచి సైకిలు మీద మోసే హజరత్తయ్యది చిన్న ఓడ పార్టీ. "నేను సైకిలు మీద చేసే పనే అది నీళ్ళ మీద చేస్తా ఉండాది. అది మా వంశం ఓడ. మీరు ఎక్కాల్సింది దాన్నే."

పద్మనాభయ్య ఎటూ తేల్చడు. "నిదానించండబ్బా. తొందరపడి ఓడెక్కితే మధ్యలో దిగేదానికి ఉండదు" అనేవాడు. ఏ నెల మంచిదని ఒక కవరు. జూన్ అయితే రాత్రి కూడా వెలుతురుంటుందని జవాబు. పోనూరానూ ఓడలోనే పోవాలా, పోయేది ఓడలో, వచ్చేది రైల్లోనా అని ఇంకో కవరు. గది ఎడమవైపు తీసుకోవాలా కుడివైపా అని మరొకటి. పోయేటప్పుడు కుడి, వచ్చేటప్పుడు ఎడమ అని జవాబు వస్తే, ఆయన మూడు వారాలు దిగాలుగా తిరిగాడు. మజ్జిగ ఇస్తారా? వేణ్ణీళ్ళు ఎన్ని బిందెలు? ఆవకాయ జాడీ వెంట తెచ్చుకుంటే కస్టమ్స్ వాళ్ళు మూత తీస్తారా?

క్రీస్తురాజుకు ఒకరోజు ఓపిక చచ్చింది. కాలు వాచి ఉంది, రేట్లు మళ్ళీ మారాయి.

"సారూ, దండం పెడతా. మూడు ప్రశ్నలూ ఒకే కవరులో రాయరాదా? మీకూ ఖర్చు తగ్గుద్ది, నాకూ చెయ్యి నొప్పి తగ్గుద్ది."

"పోస్టుమాస్టరు గారూ, వారం మొత్తానికి తినాల్సిన అన్నం మీరు ఆదివారమే తినేస్తారా?"

"అన్నానికీ దీనికీ ఏం సంబంధం?"

"ఏదైనా ఒక్కొక్కటిగా తింటేనే ఒంటపడేది. ముద్ర గట్టిగా కొట్టండి, నిన్న సరిగా పడలే."

తాను రాయడంతో ఆగినా బాగుండేది. ఊరి చేతా రాయించాడు. ఆవకాయ మూడు నెలలు ఓడలో చెడకుండా ఉండాలంటే నూనె ఎంత పొయ్యాలో కనుక్కోమని భార్య ఆదిశేషమ్మ చేత చిల్లకూరులోని ఆమె చెల్లెలికి రాయించాడు. నూనెకొక జాబు, ఉప్పుకొక జాబు, జాడీకొక జాబు. చెల్లెలు అన్నిటికీ కలిపి ఒకే కార్డు రాసిందని ఆమె మీద అలిగాడు. ఉన్నికోటు గుడ్డ నమూనాల కోసం మహబూబ్ బాషా చేత బెంగుళూరు షాపులకు రాయించాడు.

"ఒక షాపుకి రాస్తే చాలదా సారూ?"

"పోల్చి చూసుకోవద్దా బాషా? నీకు తెలిసిన షాపులన్నిటికీ రాయి. తెలియని వాటికి కూడా రాయి."

నమూనాలు తొమ్మిది షాపుల నుంచి వచ్చాయి. కోటు కుట్టడం పూర్తయింది వైశాఖంలో. ఆయన దాన్ని తొడుక్కుని పోస్టాఫీసు దాకా నడిచి వస్తే, చూసినవాళ్ళందరికీ చెమటలు పట్టాయి, ఆయనకు తప్ప.

"ఎట్లుండాది సారూ?" అన్నాడు బాషా, భయం భయంగా.

"చంకల్లో గాలి పోతా ఉండాది" అన్నాడు పద్మనాభయ్య.

ఏటా ఏప్రిల్‌లో ఇన్‌స్పెక్టరు వచ్చేవాడు. ఆ వారమంతా ఎలిశబెతు ప్రార్థనలో, క్రీస్తురాజు చెమటలో ఉండేవాళ్ళు. లెక్క ముప్ఫై ఎనిమిది. మరుసటేడు నలభై నాలుగు. తర్వాత యాభై ఒకటి. ఒక పిచ్చాడి పిచ్చి మన పాలిట దేవుడు ఆకాశం నుంచి రాల్చిన మన్నా అయిందని క్రీస్తురాజు పెళ్ళాంతో అనేవాడు. పిచ్చి కుదిరితే మన గతి ఏమిటని కూడా అనేవాడు. ఆ భయంతోనే, విసుగు వచ్చినా, "ఓడ కుదిరిందా సారూ?" అని మాత్రం గట్టిగా అడిగేవాడు కాదు.

1964లో అరవై ఏడు వచ్చింది. ఇన్‌స్పెక్టరు లెక్కను రెండుసార్లు చూసుకున్నాడు.

"ఏమయ్యా ఇది, ఊళ్ళో రాయబార కార్యాలయం పెట్టినారా?"

"మా లాకు సారు మంచు చూసేదానికి పోతాడు సార్."

"ఎప్పుడు?"

"ఓడ కుదరాల."

ఆ ఏడే పోస్టాఫీసు పర్మనెంటు అయింది. క్రీస్తురాజు ఆర్డరు కాగితాన్ని పటం కట్టించి గోడకు తగిలించి, అందరికీ బొరుగులూ బెల్లం పంచాడు. పద్మనాభయ్య గుప్పెడు బొరుగులు నోట్లో పోసుకుని, కళ్ళజోడు సర్దుకుని, పటంలోని ఆర్డరు మొదటి నుంచి చివరి దాకా చదివి, "మంచిదే" అన్నాడు. తర్వాత ఒక కవరిచ్చి పోయాడు. రెండు నెలలు మళ్ళీ రాలేదు. పిచ్చి కుదిరిందనే అనుకున్నాడు క్రీస్తురాజు. ఇంతలో నార్వే నుంచి దళసరి కవరొకటి వచ్చింది. మర్నాడు పద్మనాభయ్య మఫ్లరుతో అరుగెక్కాడు, చేతిలో కవరు. పిచ్చి అసలైనదేనని, దానికీ పోస్టాఫీసుకూ ఏ సంబంధమూ లేదని క్రీస్తురాజుకు ఆరోజు గట్టిగా రుజువైంది.

ఆయన పోయిన ఆరు వారాలకు నార్వే కవరు వచ్చింది. క్రీస్తురాజు దాన్ని హజరత్తయ్య చేతికివ్వలేదు. కర్ర పట్టుకుని తానే ఆదిశేషమ్మ ఇంటికి తీసుకుపోయాడు.

"నువ్వే విప్పి చదువయ్యా. ఆయన లేడు, ఇంక ఈ ఇంట్లో ఆ భాష ఎవరికొచ్చు?" అందామె.

క్రీస్తురాజు ఇంగ్లీషు మెల్లగా, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ తెలుగులో చెప్పాడు. రాసినాయన హాల్వర్‌సన్ అనే గుమాస్తా.

"అయ్యా, ఓడ నిర్ణయించుకున్నారని, అది చిన్న ఓడేనని తెలిసి సంతోషించాను. మన ఉత్తరాలు ఇక ముగింపుకు వచ్చాయి గనుక ఒకమాట చెప్పుకోవాలి. 1958లో మీరు మొదటి ఉత్తరంలోనే నిజం రాశారు. మీకు చలి పడదని, ఓడ అసలే పడదని, ఎన్నటికీ రాలేరని. ఇన్‌స్పెక్టరు గొంతు రోడ్డు దాకా వినిపించిందని. మీ భాషలో మనిషి పేరు చివర తగిలించే ఒక చిన్న మాట ఉందని, మీ పోస్టుమాస్టరుకు అది పోతే మళ్ళీ రాదని. అందుకే ప్రతి జవాబూ విడి కవరులో పంపమని అడిగారు. మా నాన్న ఒక దీవిలో పోస్టుమాస్టరు. దీవిలో పదకొండు ఇళ్ళు. ఎవరూ ఎవరికీ రాయలేదు. ఎత్తేశారు. కాబట్టి నాకు మీ ఉత్తరం అర్థమైంది. కిందటేడు ఆఫీసు పర్మనెంటు అయిందనీ, ఇక శ్రమ ఇవ్వననీ రాశారు. ఓడ తేలకుండా మధ్యలో ఆపడం ధర్మం కాదని నేనే మిమ్మల్ని మళ్ళీ మొదలుపెట్టమన్నాను."

క్రీస్తురాజు ఆగాడు. కాగితం కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నాడు.

"ఎన్నటికీ రాలేనని మొదటి జాబులోనే రాసినాడా?" అంది ఆదిశేషమ్మ.

"రాసినాడమ్మా."

"మరి నాచేత ఏడేళ్ళు ఆవకాయ జాడీలు ఎందుకు కట్టించినాడు?"

"మీ చెల్లెలికి ఎన్ని జాబులు రాసినారమ్మా?"

ఆమె వేళ్ళు మడిచి లెక్కపెట్టబోయి, సగంలో ఆగి, క్రీస్తురాజు వైపు చూసింది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందని కాసేపటికి గాని ఆయనకు తెలియలేదు.

"దొంగ సచ్చినోడు. నా నూనంతా పొయ్యించినాడు. ఇంతకీ ఆ చివర అడిగిన దానికి ఏం రాసినాడయ్యా ఆ దొర? చలిగాలి తగలకుండా మంచు కనిపించే చోటు?"

క్రీస్తురాజు కింది వరుస చదివాడు. "మీ ప్రశ్నకు జవాబు ఇందులో రాయడం లేదు. మన నియమం ప్రకారం వేరే కవరులో పంపుతున్నాను."

ఆ సాయంత్రం క్రీస్తురాజు హాల్వర్‌సన్‌కు రాశాడు. పద్మనాభయ్య గారు పోయిన సంగతి ఒక కవరులో. తన నమస్కారం ఇంకో కవరులో. రెండిటి మీదా ముద్ర గట్టిగా కొట్టాడు.

హాల్వర్‌సన్ పంపుతానన్న రెండో కవరు మర్నాటి సంచిలో వచ్చింది. లోపల చిన్న కాగితం, నాలుగు వాక్యాలు.

"అట్లాంటి చోటు ఆ ఓడలో ఒక్కటే ఉంది. రెండువైపులా కిటికీలు, లోపల వెచ్చగా పొయ్యి. అయితే అందులోకి ప్రయాణికులను రానివ్వరు. అది పోస్టుమాస్టరు గది."