మా చెల్లెలి రెండో వ్యాసం

అంగన్‌వాడీలో పిల్లలకు గుడ్లు వలుస్తుండగా మా మరిది, చెల్లెలి భర్త, ఫోన్ చేశాడు. "పోయింది వదినా" అన్నాడు. ఏడాదిగా మా చెల్లెలి జబ్బు ముదురుతూనే ఉంది. మిగిలిన గుడ్లు వలిచి, పిల్లలకు పెట్టి, ఆయాకు తాళాలిచ్చి, మైపాడులో నెల్లూరు బస్సెక్కాను. దారంతా ప్రార్థన చేసుకుందామనుకున్నాను. ఏం అడగాలో తెలియలేదు. ఆమె పేరు ఒక్కటే చెప్పుకుంటూ కూర్చున్నాను.

మా చెల్లెలు నాకంటే ఆరేళ్ళు చిన్నది. విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రం చెప్పేది. పసిపిల్లలకు మాట ఎలా వస్తుందన్నది ఆమె పరిశోధన. సమాధి అయ్యాక జరిగిన ఆదరణ కూడికలో పెద్దలు ఆమె వ్యాసాల గురించి మాట్లాడారు. వాటిలో ఒకదాన్ని ఎన్నెన్ని దేశాలవాళ్ళు తమ రాతల్లో పేర్కొన్నారో గొప్పగా చెప్పారు. ఆ వ్యాసం గురించి వాళ్ళు చెప్పనిది నేను చెప్పాలి. దాని వల్ల మా వీధి తల్లుల మీద ఒక మాట పడింది. అది పడటానికి కారణం నేను.

పిల్లలతో మాట్లాడేటప్పుడు ఆమె నేల మీద కూర్చునేది. అన్నం తింటున్నప్పుడు ఏ బిడ్డయినా వచ్చి ఏదో చెప్పడం మొదలుపెడితే, చెప్పడం అయ్యేదాకా ముద్ద నోట్లో పెట్టేది కాదు. చెయ్యి ఎండిపోయేది. కొత్త మాట వినబడితే దేని మీద పడితే దాని మీద రాసుకునేది. బస్సు టికెట్టు వెనక, పెళ్ళి కార్డు అంచున. ఒకసారి ఆరాధన మధ్యలో అరచేతి మీద రాసుకుంటుంటే మా అమ్మ చూసి, చర్చిలో చేతి మీద రాతలేందే, గోరింటాకు చాల్లేదా అని మెల్లగా గిల్లింది.

నాకు పిల్లలకు మాట అందించే అలవాటు. వాళ్ళు తడుముకుంటుంటే ఆగలేను. "బిడ్డ ముగించేదాకా అందుకోవద్దక్కా. ఆ తడుముకోవడంలోనే గదా మాట పుట్టేది" అనేది. ఇప్పటికీ నాకు ఆ ఓపిక పూర్తిగా రాలేదు.

ఆమె పరిశోధన మొదలుపెట్టిన రోజుల్లో మా వీధి ఇళ్ళనే ఎంచుకుంది. అరచేతిలో పట్టే రికార్డరును గుడ్డ సంచిలో పెట్టి, బిడ్డ చొక్కాకు కట్టి, పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా వదిలేసేది. తాను అక్కడ ఉండేది కాదు. కొత్త మనిషి ఎదురుగా ఉంటే తల్లులు మామూలుగా ఉండరని. బిడ్డకు మాటలొచ్చే వయసులో తల్లి ఎంత మాట్లాడుతుందో లెక్కపెట్టాలన్నది ఆమె ఉద్దేశం. ఇంటింటికీ వెళ్ళి ఒప్పించే పని నాకు అప్పజెప్పింది. మిషను పెడతారని చెబితే చాలు అనుకుంది.

అప్పట్లో మా చర్చిలో పాస్టరు గారి ప్రసంగం క్యాసెట్లో పట్టి, మంచం దిగలేని వాళ్ళకు పంపేవాళ్ళం. ఎవరైనా దగ్గితే అదీ క్యాసెట్లోకి ఎక్కేది. అందరినీ చప్పుడు చేయకుండా కూర్చోబెట్టే బాధ్యత నాదే. రికార్డరు అంటే నాకు తెలిసింది అంతే. అందుకని ప్రతి ఇంటికీ ముందు రోజు సాయంత్రం వెళ్ళి చెప్పాను. "రేపు మిషను పెడతారు. బిడ్డ గొంతు పడాల. మీరు నోరు తెరవమాకండి." నా మాట మీద గౌరవంతో అందరూ ఒప్పుకున్నారు. చెల్లెలికి మేలు చేశాననుకున్నాను. ఆమెకు చెప్పాలని కూడా తోచలేదు.

ఆ రికార్డుల మీద రాసిన వ్యాసమే ఆమెకు పేరు తెచ్చింది. తీరప్రాంతపు ఇళ్ళలో తల్లులు పసిపిల్లలతో చాలా తక్కువ మాట్లాడతారని అందులో రాసింది. కొన్నేళ్ళకు ఆ వాక్యం తెలుగులోకి మారి, మా అంగన్‌వాడీ శిక్షణ పుస్తకంలోకి వచ్చింది. తల్లుల సమావేశంలో ఆ పేజీ పైకి చదవడం నా విధి. మొదటిసారి చదివినప్పుడే ఎక్కడో గుచ్చుకుంది. ఫోన్ చేసి, మన ఆడవాళ్ళు మాట్లాడరని ఎవరు తేల్చారే అని అడిగాను. అది నా వ్యాసంలోదేనక్కా అని సంతోషంగా చెప్పింది. ఎలా లెక్కపెట్టిందో కూడా వివరించింది. ఫోన్ పెట్టేశాక, నోరు తెరవమాకండని నేను ఇంటింటికీ చెప్పింది గుర్తొచ్చింది.

అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. ఆమె ఉద్యోగం ఆ వ్యాసం మీద నిలబడి ఉందని నాకు తెలుసు. మూడేళ్ళు ప్రార్థనలో దేవునికి చెప్పుకున్నాను. ఆమెకు చెప్పలేదు. నెలనెలా ఆ పేజీ మాత్రం చదివాను, గబగబా, తల ఎత్తకుండా.

మా వీధిలో గోవిందమ్మ ఉంది. చేపలమ్ముతుంది. బేరానికి కూర్చుంటే ఆమె గొంతు బస్టాండు దాకా వినిపిస్తుంది. ఒకరోజు సమావేశం అయ్యాక అందరూ వెళ్ళేదాకా ఆగి నా దగ్గరికి వచ్చింది. "అక్కా, నా బిడ్డ పదోతరగతి తప్పింది గదా. నేను చిన్నప్పుడు దాంతో సరింగా మాట్లాడకపోబట్టేనా?" అంది. ఆమె గొంతు అంత తగ్గడం నేను ఎప్పుడూ వినలేదు.

ఆ వేసవికి చెల్లెలు వచ్చినప్పుడు, పెరట్లో చేపలు కడుగుతూ అంతా చెప్పాను. ఆమె ఒకే ప్రశ్న అడిగింది.

"అన్ని ఇళ్ళకీ చెప్పినావా?"

"అన్నిటికీ."

చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళింది. వారం రోజులు పాత రికార్డులు మళ్ళీ విన్నది. తర్వాత నన్ను పిలిచి ఇయర్‌ఫోను నా చెవికి పెట్టింది. గోవిందమ్మ ఇల్లు. నీళ్ళు పోస్తున్న చప్పుడు, గిన్నె చప్పుడు. అమ్మా అని బిడ్డ పిలుపు. జవాబు లేదు. మళ్ళీ పిలుపు. మళ్ళీ. చివరికి ఏడుపు.

"తల్లి జవాబివ్వలేదని రాసినానక్కా. ఎన్నిసార్లు పిలిస్తే అన్నిసార్లూ రాసినా" అంది.

ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది. "నువ్వు నా మంచికే చెప్పినావు. ఏం చెప్పినావని అడగాల్సింది నేను" అని ఊరుకుంది. వ్యాసం వేసిన పత్రికకు సవరణ రాసి పంపింది. ఇళ్ళవాళ్ళకు ముందుగా ఏం చెప్పారో తాను విచారించలేదని రాసింది. నా ప్రస్తావన లేదు. తర్వాత రెండు వేసవులు వచ్చి, ఈసారి తానే ఇల్లిల్లూ తిరిగి, మీరు ఎప్పుడూ ఉన్నట్టే ఉండండి అని చెప్పి మళ్ళీ రికార్డు చేసింది. తిట్లు, చేపల పేర్లు, పాటలు, పక్కింటివాళ్ళ మీద ఫిర్యాదులు, అన్నీ బిడ్డలకు చెబుతూనే ఉన్నారు తల్లులు. లెక్కపెట్టలేక చస్తున్నానక్కా అని నవ్వింది. ఆ నవ్వు నాకు గుర్తుంది. రెండో వ్యాసం రాయడానికి నాలుగేళ్ళు పట్టింది.

దాన్ని పట్టించుకున్నవాళ్ళు బహు తక్కువ. మొదటి వ్యాసాన్ని మాత్రం పేర్కొంటూనే ఉన్నారు. ఆమెకు పదోన్నతి వచ్చినప్పుడు సన్మాన సభలో దాన్ని ఎంతమంది పేర్కొన్నారన్న అంకే చదివారు. ఆమె లేచి, ఆ వ్యాసం తప్పు, దయచేసి దాన్ని లెక్కలోంచి తీసేయండి అంది. వినయం అని చప్పట్లు కొట్టారు. తర్వాత ఆఫీసులో అడిగితే, కంప్యూటరే ఆ లెక్క కూడుతుంది, తీయడం మా చేతిలో లేదన్నారు.

ఆదివారం ఆరాధన నుంచి రాగానే ఆమె ఉత్తరాలకు కూర్చునేది. ఆ వ్యాసాన్ని పేర్కొన్న ఒక్కొక్కరికీ విడివిడిగా రాసేది. కొందరు మర్యాదగా జవాబిచ్చేవారు. చాలామంది ఇవ్వలేదు. "వాళ్ళంతా నన్ను సాక్షిగా పిలుస్తుండారక్కా. వచ్చి, నేను చెప్పింది తప్పంటే ఎవరూ వినరు" అంది ఒకసారి. శిక్షణ పుస్తకం మార్చమని జిల్లా ఆఫీసుకు మూడుసార్లు తిరిగింది. పైనుంచి రావాలన్నారు. మా వీధి ఆడవాళ్ళకు కూడా చెప్పి చూసింది, ఆ పేజీలో ఉన్నది నా తప్పేనని. ఎలా తప్పయిందో మాత్రం చెప్పలేదు, నన్ను కాపాడటానికి. మేము బాధపడకూడదని అట్ట అంటుందిలే అనుకున్నారు వాళ్ళు.

ఆస్పత్రిలో చివరి వారం, మాట కష్టమైపోయింది. తడుముకుంటూ చెప్పింది. నేను అందించలేదు.

"ఆ ఆడోళ్ళకి నువ్వే చెప్పాలక్కా. నేను చెప్తే సగమే అవుద్ది."

సరే అన్నాను.

ఆమెను సమాధి చేసిన మూడో వారం తల్లుల సమావేశం. పుస్తకం తెరిచి ఆ పేజీ దగ్గర ఆగాను. ఈ మాట మా చెల్లెలి వ్యాసంలోది, ఆ వ్యాసం మీ ఇళ్ళలో మిషను పెట్టిన పూటది, ఆ పూట మీరు మాట్లాడకపోవడానికి కారణం నేను అని చెప్పాను. గోవిందమ్మ కూతురు తప్పడానికీ తన తల్లి మాటలకూ సంబంధం లేదని కూడా చెప్పాను. క్షమించమన్నాను. చిన్న తల్లులకు మొదట అర్థం కాలేదు. పెద్దవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

గోవిందమ్మ అప్పటికి అమ్మమ్మ అయింది. మనవరాలిని ఒళ్ళో వేసుకుని కూర్చుంది. ఆమె అంది: "మేము నోరు మూసుకునింది ఒక్క పూట. నువ్వు ఎన్నేండ్లు మూసుకున్నావక్కా."

ఎవరో నవ్వారు. ఆమె నవ్వలేదు. క్షమించానని అనలేదు, క్షమించనని కూడా అనలేదు. పిల్లను చంకనెత్తుకుని లేచింది.

నిన్న మా మరిది కంప్యూటర్లో చూసి చెప్పాడు. చెల్లెలు పోయాక కూడా మొదటి వ్యాసం అంకె పెరిగింది. పుస్తకం అల్మారాలోనే ఉంది. వచ్చే నెల ఆ పేజీ మళ్ళీ వస్తుంది, నేను మళ్ళీ అదే చెబుతాను.

ఆ సమావేశం రోజు, గోవిందమ్మ లేచి వెళ్ళాక, నేను గుమ్మంలో నిలబడి చూశాను. ఆమె ఇసకలో పడవల వైపు నడుస్తోంది. పిల్ల వేలు చూపించి ఏదో అడుగుతోంది. ఆమె చెబుతోంది. పిల్ల మళ్ళీ అదే అడుగుతోంది. ఆమె మళ్ళీ చెబుతోంది. గాలి నా వైపే వీస్తోంది కనుక, వాళ్ళు వలల వెనక్కి వెళ్ళిపోయాక కూడా చాలాసేపు వినబడ్డారు.