పన్నెండు ఫోన్ల అల్మరా

కొరియాలోని బూసాన్‌లో, చోర్యాంగ్ కొండమెట్ల కింద మా ఆఫీసు. జనం ఈ నెల ఏ మాటలు వెతుకుతున్నారో, ఏ హ్యాష్‌ట్యాగ్ పెడుతున్నారో కనిపెట్టి, ఆ మాటలతో హోటళ్ళకూ సెలూన్లకూ ప్రకటనలు రాయడం మా పని. మాటలు పట్టేది ఓక్ సున్‌మి. యాభై నాలుగేళ్ళు. పేరుకు టీమ్ లీడర్, అందరికీ పిన్నే.

ఇరవై ఏళ్ళు చేపల మార్కెట్లో వేలంపాటలు రాసి ఇటు వచ్చింది. "చేపైనా మాటైనా వాసన రాకముందే పట్టాలి," అనేది. ఏ మాటను నెలకు ఎన్నిసార్లు వెతికారో చూపే ట్రెండ్ టూల్‌లో గీత లేస్తే, అది వాన వల్లనో, ఏ నటి తిన్న ముద్ద వల్లనో ఇట్టే చెప్పేసేది. పాత పుస్తకాల కొట్లలో నిలబడి నాకు నేనే చదువుకున్నవాణ్ణి నేను. నాకు తెలిసినవేవీ ఆమెకు తెలియవు. అయినా ప్రతిసారీ ఆమె మాటే నెగ్గేది. అది నాకు కడుపుమంట.

కొత్తవాళ్ళకు ఆమె మొదటి పాఠం ఒకటే. "టూల్‌లో ఎన్నిసార్లైనా చూడండి, లెక్కలో పడదు. సెర్చ్‌లో కొట్టి వెతికారంటే మాత్రం పడుతుంది. మీ అడుగుల జాడ చూసి మీరే వేటకెళ్తారు. ఇంకోటి, మనుషుల గీత నెలనెలా పైకీ కిందికీ ఊగుతుంది. ఊగని గీతను నమ్మకండి."

ప్రతి నెలా మొదటి సోమవారం, కాఫీ అయినా తాగకుండా, ఆమె టూల్‌లో ఒక మాట చూసేది: 'బార్లీ టీ ఆలిచిప్పల చారు'. అలాంటి వంట లోకంలో లేదు. ఒకసారి వాళ్ళమ్మ నీళ్ళనుకొని చారులో బార్లీ టీ పోసింది. పిల్లలిద్దరూ ఇక అదే కావాలన్నారు. తమ్ముడు సంగ్‌బే పెద్దయి చేపల పడవెక్కాక, వండుకుందామని ఆ పేరు ఫోన్‌లో కొట్టి వెతికేవాడట. ఆరేళ్ళ కిందట యోసు రేవులో సిగరెట్లకని దిగి మళ్ళీ పడవెక్కలేదు.

కానీ నెలనెలా ఎవరో ఆ మాటను ఫోన్‌లో వెతుకుతూనే ఉన్నారు. నెలకు పన్నెండు సార్లు.

"బతికే ఉన్నాడు వెధవ. ఇంకా వండటం రాలేదు," అని నవ్వేది.

మధ్యాహ్నం డబ్బాలు తెరిచే వేళకు వాళ్ళమ్మ ఫోన్ చేసేది. చెవుడు కాబట్టి అరిచేది, అందరికీ వినబడేది.

"పోయాడని కోర్టు కాగితం మీద సంతకం పెట్టవే! అన్నం గిన్నె పెట్టకపోతే వాడు ఎవరి వాకిట్లో నిలబడతాడే?"

"చారు కోసం వెతికేవాడికి తద్దినమేంటమ్మా?"

ఒకరోజు నేనొక మాట పట్టుకొచ్చాను. సీవీడ్ టోస్ట్. నెలలో నలభై మూడుసార్లు వెతికారు.

"నువ్వెన్నిసార్లు కొట్టి చూశావు నాయనా?" అంది పిన్ని.

"ఓ నలభై."

"మిగిలింది మూడు. అందులో మీ అమ్మవి ఎన్ని?"

గదంతా పగలబడి నవ్వింది.

మర్నాడు ఆఫీసు అల్మరాలో ఫోన్లు మార్చే పని నాకు పడింది. మా ప్రకటన ఎన్నో వరుసలో ఉందో చూడటానికి పెట్టిన పాత ఫోన్లవి. జాబితాలోని ప్రతి మాటనూ నెలకోసారి వాటంతటవే వెతుకుతాయి. మొత్తం పన్నెండు. జాబితా అట్టడుగున ఆ చారు ఉంది. చేర్చింది ఓక్ సున్‌మి, ఆరేళ్ళ కిందట. తమ్ముడెక్కడైనా ఏదైనా రాస్తే తెలుస్తుందని పెట్టి మరిచిపోయింది.

నోరు మూసుకొని ఉండాల్సింది. నేను ఆ జాబితా అచ్చు తీసి, అందరూ ఉండగా ఆమె బల్ల మీద పెట్టాను.

"ఈ అడుగులెవరివి పిన్నీ?"

ఆమె చదివింది. లేచి అల్మరా దగ్గరికెళ్ళి, ఒక్కొక్క ఫోన్‌నూ బోర్లించింది. పన్నెండూ.

"ఊగలేదు కదరా," అంది. "ఆరేళ్ళు. ఒక్కసారైనా ఊగలేదు. మాట తీసెయ్."

తీసేశాను. ఆ వారమే ఆమె సంతకం పెట్టింది. పోయినట్టు కోర్టు తేల్చాక, తమ్ముడు రేవులో దిగిన తేదీకి తద్దినం పెట్టారు. మర్నాడు పిన్ని డబ్బాలో కాడ్ చేప అట్లు తెచ్చింది.

"తిను. వాడి వాటాలోవి."

"నామీద కోపం లేదా పిన్నీ?"

"ఎందుకూ? ఎనభై రెండేళ్ళ మా అమ్మ ఇన్నేళ్ళలో నిన్నే కాస్త నిద్రపోయింది." ఇంకో అట్టు నా డబ్బా మూతలో వేసింది. "అమ్మ ఆ చారే పెట్టింది. వాడొచ్చి తినాలని అన్నంలో చెంచా నిలబెట్టి, తలుపు తీసి ఉంచాం."

ఆ తర్వాత ఆమె ఆ మాట చూడలేదు. మొదటి సోమవారాల్లో నేనే చూస్తున్నాను. ఫోన్ల గడిలో సున్నా. కానీ టూల్‌లో దాని పక్కనే, కంప్యూటర్లలో వెతికిన లెక్కకు ఇంకో గడి ఉంటుంది. ఆరేళ్ళుగా అందులో ఏమీ లేదు. తద్దినం పెట్టిన నెలలో ఒకటి పడింది.

పిన్నే కొట్టి ఉంటుంది. లేదా ఆఫీసులో ఎవరో ఆటపట్టించడానికి కొట్టి ఉంటారు. అడిగితే తేలిపోతుంది, ఆమె బల్ల నాకు నాలుగడుగులు. 'నేనే' అంటే సరే. 'నేను కాదు' అంటే, వెతికింది తమ్ముడే అయితే, వాళ్ళమ్మ పెట్టిన అన్నం గిన్నెను ఎవరు వెనక్కి తీస్తారు?

అడగలేదు. మరుసటి నెల నాలుగు. ఆ పై నెల రెండు. ఈ సోమవారం ఏడు.

గీత ఊగుతోంది.