కర్నూలు నుంచి ఇంజను సైకిలు మీద ఇంటికి

మా ఊరు కడప జిల్లాలో మైదుకూరుకు పడమట, నల్లరేగడి పొలాల నడుమ ఉంది. నేను మిషను ఆస్పత్రిలో పని నేర్చుకుని, చుట్టుపక్కల పల్లెల్లో కాన్పులు చేసే నర్సును. ఊరికీ ఊరికీ మధ్య నీడ లేని బాట. ఆస్పత్రివాళ్ళు ఇచ్చిన పాత సైకిలు మీద తిరిగేదాన్ని. ఎండను ఓర్చుకోవచ్చు గాని, ఆషాఢంలో పడమటి గాలి లేచిందంటే సైకిలు ముందుకు కదలదు.

ఆ ఆషాఢంలోనే మా ఆడబిడ్డ రూతుకు నొప్పులు వచ్చాయని కబురందింది. ఆమె అత్తవారిది పడమటి పల్లె. గాలికి ఎదురు తొక్కుకుంటూ నేను చేరేసరికి పొద్దు వాలింది. రూతు దక్కింది. బిడ్డ దక్కలేదు.

రూతు తల్లి, అంటే మా అత్త ఎస్తేరమ్మ, నన్ను ఒక్క మాటా అనలేదు. కొన్ని నెలల తరువాత జొన్నలు చెరుగుతూ చెరుగుతూ అంది: "గాలిని గెలిచే కాళ్ళు యా మనిషికీ లేవు మే సుగుణా. సైకిలుకు ఇంజను పెట్టేది ఏదో ఉండాదంట కదా. అది యాడ దొరుకుతాదో అడుగు."

అడిగాను. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయిన రోజులవి. ప్రభుత్వ కచేరీల వెంట ఉద్యోగులు సామాన్లు కట్టుకుని పోతున్నారు. అలా పోతున్న ఒక గుమాస్తా దగ్గర సైకిలుకు తగిలించే చిన్న ఇంజను ఉందనీ, దాన్ని అమ్మేసి పోతాడనీ మా డాక్టరమ్మ తెలుసుకుని చెప్పింది. మా అత్త తన రెండు బర్రెల్లో ఒకదాన్ని అమ్మింది. ఆ సంగతి మళ్ళీ తాను ఎత్తలేదు, నన్నూ ఎత్తనివ్వలేదు.

క్రిస్మసు పండుగ అయిన మరుసటి వారం ఇద్దరమూ బయలుదేరాము. మా ఆయన బడిపంతులు. బడి విడిచి రాలేక, పిల్లల్ని చూసుకుంటూ ఇంటి దగ్గర ఉండిపోయాడు. కాన్పుల సంచీ కూడా వెంట తీసుకున్నాను. సైకిలు మీద అది ఎక్కడ కుదురుతుందో పెట్టి చూసుకోవాలి కదా.

మైదుకూరులో పొద్దున బస్సెక్కి నంద్యాలలో దిగాము. అక్కడి నుంచి కర్నూలుకు బస్సు ఉన్నా, అప్పటికే బస్సు పడక మా అత్త నిమ్మకాయ వాసన చూస్తూ కూర్చుంది. అందుకని రైలు పట్టుకున్నాము. డోనులో బండి మారాలి. ఈ దారిన వచ్చేవారు తిండి వెంట తెచ్చుకోవడం మేలు. మాకు సజ్జపిండితో చేసిన సద్దరొట్టె, చెనక్కాయల పొడి ఉన్నాయి. బేతంచెర్ల దగ్గర నాపరాళ్ళ గుట్టలు చూస్తూ తిన్నాము.

ఎదుటి బల్ల మీద కూరగాయల గంపతో ఒకామె కూర్చుంది. "యాడికి పోతాండారమ్మా?" అని అడిగింది.

"కర్నూలుకు. సైకిలు కొనేకి," అంది మా అత్త.

"కొడుక్కా?"

"కోడలికి."

ఆమె నన్ను కిందికీ మీదికీ చూసింది. "ఏం, మీ ఊర్లో ఎద్దులబండ్లు లేవా?"

"శానా ఉండాయి. ఎద్దులకు కాన్పు నొప్పులు తెలవవు కదమ్మా. అవి నిమ్మళంగా నడుస్తాయి."

ఆమె పకపకా నవ్వి, గంపలోంచి రెండు జామకాయలు తీసి మా ఒడిలో పెట్టింది.

కర్నూలులో దిగేసరికి దీపాలు పెట్టే వేళ. మా చర్చికి తెలిసినవాళ్ళ ఇంట్లో తల దాచుకున్నాము. పొద్దున వాళ్ళు పెట్టిన బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తిని గుమాస్తాగారి ఇంటికి వెళ్ళాము. ఇల్లంతా పెట్టెలు, తాళ్ళు, చుట్టిన చాపలు. ఆయన కోస్తా మనిషి. ఇంజను నాకేనని తెలిసి చేతిలోని తాడు కింద పెట్టాడు. తరువాత అడిగాడు: "అమ్మా, దీన్ని మీరే నడుపుతారా?"

"నేనేనండి. పల్లెల్లో కాన్పులకు తిరగాలి."

లోపల గిన్నెలు సర్దుతున్న ఆయన భార్య ఆ మాట విని బయటికి వచ్చింది. ఆయన ఇంజనుకు చుట్టిన గోనెపట్టా విప్పాడు. నీళ్ళ కూజా అంత ఇంజను. ముందు చక్రం మీద కూర్చుంటుంది. దాని కింద గరుకైన చిన్న రోలరు టైరును ఒరుసుకుంటూ తిరుగుతుంది, దానితో చక్రమూ తిరుగుతుంది. చేతి దగ్గరి కడ్డీని లాగితే రోలరు పైకి లేస్తుంది. అప్పుడు అది వట్టి సైకిలే. పెట్రోలులో నూనె ఎంత కలపాలో, పొగ నల్లగా వస్తే ఏం చెయ్యాలో ఆయన ఓపికగా చూపించాడు. మేము లేవబోతుంటే మరో కొత్త రోలరు తెచ్చి చేతిలో పెట్టాడు. దానికి డబ్బు తీసుకోలేదు.

ఆస్పత్రివాళ్ళ పాత సైకిలు ఈ బరువును ఓర్వలేదు, ఇక గట్టి సైకిలు ఎంచుకోవాలి. కొండారెడ్డి బురుజు దగ్గర మస్తాన్ సాహెబు అనే ఆయన పాత సైకిళ్ళు అమ్మేవాడు. గెడ్డం నెరిసిన మనిషి, మాట మెత్తన. మొదట మంచి మెరుపున్న మగవాళ్ళ సైకిలు చూపించాడు. దానికి నడుమ అడ్డకడ్డీ ఉంది, చీర కట్టుకుని ఎక్కలేను. రెండోది తేలికపాటిది. దాని సన్నటి టైర్లు మా బాటల ఇసుకలో దిగబడతాయి. మూలన దుమ్ము కొట్టుకుని ఒక బరువైన ఆడవాళ్ళ సైకిలు ఉంది. ఎవరో దొరసాని విడిచిపోయిందట. లావు టైర్లు, వెడల్పాటి సీటు, కొమ్ముల్లా వెనక్కి వంగిన పొడుగాటి హ్యాండిలు. కూర్చుంటే నడుము నిటారుగా నిలిచింది. రంగు పోయింది, ధర కూడా అన్నిటికంటే తక్కువే.

"ఇదే కావాలి," అన్నాను.

సాహెబు గెడ్డం నిమురుకున్నాడు. "బండి గట్టిదేనమ్మా. కానీ పైకడ్డీ లేదు కదా, ఇంజను అదురుకు ఊగులాడతాది. నేను కూడా ఇట్లాంటిది ఎప్పుడూ బిగించలేదు. చూస్తాం, ఫికర్ పెట్టుకోవద్దు."

ఆ మాట నాకు ధైర్యమిచ్చింది. తెలియనిది తెలియదన్న మనిషి చేతుల్లో పని చెడదనిపించింది. ఆ రోజూ మర్నాడూ అంగడి ముందు గోనెసంచీ పరుచుకుని కూర్చున్నాము. ఆయన కిందివైపు, కాలు ఎత్తడానికి అడ్డం రాకుండా, ఇంకో గొట్టం అతికించాడు. ముందు చక్రానికి లావు పుల్లలు వేశాడు. ఇరుసు నుంచి హ్యాండిలు దాకా రెండు వైపులా ఇనుప కడ్డీలు బిగించాడు. ఇంజను కూర్చున్నాక ముందు బ్రేకుకు చోటు లేకపోయింది. దాన్ని తీసేసి, వెనక బ్రేకుకు రెండింతలు పట్టుండేలా కొత్త రబ్బర్లు పెట్టాడు. చీర కుచ్చెళ్ళు చక్రంలో పడకుండా వెనక వల కట్టాలన్నాను. ఆ వల సాహెబు భార్య తన చేతులతో అల్లి పంపింది. ఆమెను నేను చూడలేదు. అన్నం మాత్రం రెండు పూటలా ఆ ఇంటి నుంచే వచ్చింది.

ఒక్క పని తిరగబడింది. సంచీని ఆయన హ్యాండిలుకు తగిలించాడు. తుంగభద్ర ఒడ్డున నడిపి చూస్తే, ముందే ఇంజను బరువు, దానికి సంచీ తోడై, మలుపులో బండి నన్ను తీసుకెళ్ళి ఇసుకలో పడేసింది. సాహెబు పరుగెత్తుకొచ్చాడు. మోచెయ్యి గీసుకుపోయింది, అంతే.

మా అత్త ఇసుక దులుపుతూ, "సంచీ ఎనక్కు కట్టప్పా, ముందర ఒద్దు," అంది.

వెనక కట్టి, మళ్ళీ ఎక్కాను. నాలుగు తొక్కులు తొక్కి కడ్డీ వదిలాను. ఇంజను టపటపమని అందుకుంది. కాళ్ళు ఊరకే పెట్టుకుని కూర్చుంటే నేల తనంతట తాను వెనక్కి పోతోంది. వాళ్ళిద్దరూ వెనకబడ్డాక, నదీ తీరాన ఒక్కదాన్నే గట్టిగా నవ్వాను.

మర్నాడు తెల్లవారగానే మా అత్త రైలుకు, నేను రోడ్డుకు. ఓర్వకల్లు బండలు దాటేదాకా చలి. పాణ్యం దగ్గర ఎత్తులో ఇంజనుకు తోడు నేనూ తొక్కాల్సి వచ్చింది. ఇలా వచ్చేవారు ప్రతి ఊళ్ళో దిగి ఇంజనును చల్లారనివ్వాలి. ఆ వంకన టీ దొరుకుతుంది, మాటలూ దొరుకుతాయి. ఒక చోట టీ అంగడాయన "ఆడమనిషికి ఎందుకమ్మా ఈ పీడ?" అంటూనే, ఇంజను మీద ఎండ పడకుండా తన గొడుగు తెచ్చి పెట్టాడు. సాయంత్రానికి నంద్యాల చేరాను. మా అత్త తెలిసినవాళ్ళ ఇంటి వాకిట్లోనే నిలబడి ఉంది.

మరునాడు ఆమె ఆళ్ళగడ్డకు బస్సెక్కింది. నేను ముందుగానే బయలుదేరాను. దారి పక్కన కాలువ నీళ్ళు, ఆ నీళ్ళతో పచ్చబడిన పైర్లు. సిరివెళ్ళ ఇంకా రాలేదు. రోడ్డు పక్కన ఒక మనిషి రెండు చేతులూ ఎత్తి అడ్డం వచ్చాడు. నా తెల్లచీర చూసి అడిగాడు: "అమ్మా, నువ్వు ఆస్పత్రి మనిషివేనా?"

"అవునప్పా. ఏమైంది?"

"నా పెండ్లానికి తెల్లారుజామున కాన్పయింది. బిడ్డ బాగుండాది. మాయ పడలేదు. రక్తం పోతానే ఉండాది తల్లీ. నంద్యాలకు పోయేకి బస్సు కోసం నిలబడినా."

"మీ ఇల్లు యాడ?"

"కాలవ గట్టెంబడి పోతే మొదట తగిలే ఇండ్లు మావే. కిష్టప్ప ఇల్లు అని అడుగు."

"నువ్వు బస్సెక్కి పోయి నంద్యాల ఆస్పత్రి డాక్టరమ్మను పిల్చుకొని రా. నేను పోతాండా."

గట్టు మీద దుమ్ము మడమల లోతు ఉంది. రోలరు రెండు చోట్ల జారింది. అక్కడ దిగి తోశాను, మళ్ళీ ఎక్కాను. ఇంజను చప్పుడుకే జనం ఎదురొచ్చి దారి చూపారు.

ఆమె మంచం మీద తెల్లగా పాలిపోయి ఉంది. పెదవులు ఆరిపోయాయి. తలాపున ఆమె తల్లి బిడ్డను పట్టుకుని కూర్చుంది. వేడినీళ్ళు అడిగి చేతులు కడుక్కున్నాను. అప్పుడు గమనించాను, నాకు ఆయాసం లేదు. ఇన్నేళ్ళూ ఏ కాన్పుకు పోయినా రొప్పుతూ చేరేదాన్ని. ఊపిరి కుదురుకునేదాకా గోడకానుకుని నిలబడేదాన్ని. ఇక్కడ ఆ నిలబడే అవసరం రాలేదు. ఆమె పొత్తికడుపు మెల్లగా రుద్దుతూ, మాటలు చెబుతూ, గర్భసంచి గట్టిపడేదాకా కనిపెట్టుకున్నాను. మాయ మొత్తంగా వచ్చింది. వెంటనే సూది వేశాను. రక్తం తగ్గింది, ఇంకాసేపటికి నిలిచింది. "దప్పిగా ఉండాది," అని ఆమె నోరు విప్పింది. ఆ మాట విని ఆమె తల్లి భోరున ఏడ్చింది.

మధ్యాహ్నం కిష్టప్ప డాక్టరమ్మను జీపులో తీసుకొచ్చాడు. డాక్టరమ్మ బాలింత నాడి చూసి, అంతా చూసి, "ఆస్పత్రికి తీసుకుపోయి రెండు రోజులు ఉంచుకుంటాను. భయం లేదు," అంది. జీపు డ్రైవరు నేను వెంట తెచ్చుకున్న డబ్బాలో పెట్రోలు పోశాడు. ఆ ఇంటివాళ్ళు జొన్నరొట్టె, వంకాయ కూర పెట్టందే కదలనివ్వలేదు.

ఆళ్ళగడ్డ బస్సులు ఆగే చోట మా అత్త మూట మీద కూర్చుని రోడ్డుకేసి చూస్తోంది. నన్ను చూసి లేచింది. దగ్గరికి వచ్చి చేతులూ మొహమూ తడిమింది. జరిగింది చెప్పాను.

"ఆడబిడ్డా, మగబిడ్డా?"

"ఆడబిడ్డ అత్తా."

"పాలు తాగుతాండాదా?"

"తాగుతాండాది."

"సాలు," అని చెంగుతో మొహం కప్పుకుంది. నేను పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఇద్దరమూ రూతు పేరు ఎత్తలేదు.

ఆ రాత్రి అక్కడి సత్రంలో పడుకుని, పొద్దున చాగలమర్రి, దువ్వూరు మీదుగా సాగాను. దువ్వూరు దాటాక పసుపు తోటల వాసన. మైదుకూరులో అత్త బస్సు దిగి, ఇక బస్సూ వద్దు, ఎద్దుల బండీ వద్దు, సైకిలు వెనకే కూర్చుంటానంది. సంచీ ఒళ్ళో పెట్టుకుని, నా నడుము పట్టుకుంది. ఎత్తు వచ్చిన చోటల్లా తానే దిగి వెనక నుంచి తోసింది.

ఆ దారిలో తలుచుకుంటూ వచ్చాను. జామకాయలిచ్చిన ఆమె, రోలరు ఇచ్చిన గుమాస్తాగారు, నేను మొహం చూడని సాహెబు భార్య, గొడుగు పెట్టిన టీ అంగడాయన, పెట్రోలు పోసిన డ్రైవరు. వీళ్ళలో ఒక్కరికీ నేనెవరో ముందు తెలియదు. ఈ నేలలో వానలు తక్కువ గాని మనుషులకు కొదవ లేదు. ప్రయాణం నాకు ఇచ్చిన లాభాలన్నిటిలో పెద్దది ఇదే. సైకిలు రెండోది.

ఊళ్ళోకి వచ్చేసరికి పొద్దు ఇంకా ఉంది. పిల్లలు ఇంజను చప్పుడుకు వెంటబడ్డారు. మా ఆయన వాకిట్లో నిలబడి ఉన్నాడు. పక్కన తలగుడ్డ చేతిలో పట్టుకుని పడమటి పల్లె మనిషి ఒకడు. అతని కోడలికి నొప్పులు మొదలై కొంతసేపయిందట.

నేను ఇంజను ఆపబోయాను. అత్త వెనక నుంచి దిగి, సంచీని వెనక క్యారియరుకు గట్టిగా కట్టింది. ముడి లాగి చూసుకుంది.

"ఆపద్దు మే. సంగటి ఉడికించి పెడతా, వచ్చినాక తిందువు. పో."

బండిని పడమటికి తిప్పాను.